మోటుపల్లి నుంచి వెళ్లి చూసిన కుబ్లాయ్ ఖాన్ చైనా: తొమ్మిది రోజులు

మొదటి రోజు, బీజింగ్

మాది చీరాల. మోటుపల్లి మాకు పొద్దున్నే బండి మీద వెళ్లి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయగలిగినంత దూరం. అక్కడి వీరభద్రస్వామి గుడిలో గణపతిదేవుడి అభయశాసనం ఉంది, 1244 నాటిది. తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా పాత రాజులు లాగేసుకునేవారు, నేను మాత్రం ముప్ఫైలో ఒక వంతు సుంకమే తీసుకుంటాను అని సముద్రం మీద వచ్చే వర్తకులకు కాకతీయ రాజు ఇచ్చిన మాట అది. ఆ సుంకాల జాబితాలో ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, పట్టునూలు, పగడాలతో పాటు చీనీ కర్పూరం కూడా ఉంటుంది. ఆ శాసనం వేయించిన సుమారు యాభై ఏళ్లకి మార్కో పోలో చైనా నుంచి ఇంటికి వెళ్లాక రాయించిన వివరాల్లో ఈ రేవు పేరు ముత్ఫిలి. ఇక్కడ ఒక రాణి న్యాయంగా పాలిస్తోందని, ఇక్కడి సన్నటి బట్ట సాలెగూడు లాగా ఉంటుందని చెప్పాడు. రాణి అంటే మన రుద్రమదేవే అని చరిత్రకారులు అంటారు. ఆ ఓడలు బయల్దేరిన అవతలి గట్టు, పోలో కాలంలో మంగోలు రాజు కుబ్లాయ్ ఖాన్ ఏలిన చైనా, చూడాలని నాకు పదేళ్లుగా కోరిక. ఈ జూలైకి కుదిరింది. మా పిన్ని కొడుకు హాంగ్‌జౌలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు, వాడు సెలవు పెట్టి బీజింగ్ వచ్చాడు కాబట్టి నాకు భాష టెన్షన్ లేదు.

సాయంత్రం మెట్రో ఎక్కాం. ప్రతి రెండు నిమిషాలకీ స్పీకర్‌లో "శ్యా ఈ జాన్" అని వస్తుంటే అర్థం ఏంట్రా అని అడిగాను. "తర్వాతి స్టేషన్ అని అన్నా. జాన్ అంటే స్టేషన్," అన్నాడు. అది నాకు తెలిసిన మాటే, చదివాను, కానీ చెవితో వినడం వేరు. మంగోలులు తమ సామ్రాజ్యమంతటా గుర్రాలు మార్చుకునే మజిలీలు పెట్టారు, వాటిని జామ్ అనేవాళ్లు. ఆ జామ్‌నే చైనావాళ్లు జాన్ అని పలికారు, "నిలబడు" అనే అర్థం ఉన్న పాత అక్షరంతో రాసుకున్నారు. 1368లో మంగోలులను తరిమేసిన మింగ్ వంశం ఆ మాట వద్దు, మన పాత మాట "యీ" వాడండి అని మార్చేసింది. జపాన్‌లో రైల్వే స్టేషన్‌ని ఇప్పటికీ ఆ యీ అక్షరంతోనే రాస్తారు. చైనాలో మాత్రం రైలు స్టేషన్, బస్టాప్, పెట్రోల్ బంకు, చివరికి వెబ్‌సైట్ కూడా జాన్‌తోనే నడుస్తున్నాయి. గుర్రాలు పోయాయి, ఖాన్లు పోయారు, ఆ మాట మాత్రం రోజుకి కోట్ల మంది నోట్లో నానుతోంది.

రెండో రోజు, బీజింగ్

పొద్దున్నే తెల్ల స్తూపానికి వెళ్లాం. మ్యావోయింగ్ అనే గుడి, అందరూ బైతా స్స అంటారు, అంటే తెల్ల స్తూపం గుడి. చుట్టూ హుతోంగ్‌లనే సన్నటి సందులు, లుంగచుట్టిన బనియన్లతో చదరంగం ఆడుతున్న తాతలు, కూరగాయల బళ్లు. ఏ సందులో నుంచి చూసినా ఇళ్ల కప్పుల మీదుగా ఆ తెల్లటి బుంగ కనిపిస్తూనే ఉంటుంది. అన్నట్టు హుతోంగ్ అనే మాట కూడా మంగోలులదే అని, బావి అనే అర్థం ఉన్న హుదుగ్ నుంచి వచ్చిందని చాలామంది పండితులు చెబుతారు.

యాభై మీటర్ల పైచిలుకు ఎత్తు, సున్నపు తెలుపు, పైన పెద్ద లోహపు గొడుగు, దాని అంచున గంటలు. చైనా పగోడాలా లేదు, మన అమరావతి, భట్టిప్రోలు వైపు మనసు పోతుంది. కట్టింది నేపాల్ కుర్రాడు అరనికో. 1260లో కుబ్లాయ్ ఖాన్ గురువు ఫగ్‌పా లామా టిబెట్‌లో స్తూపం కట్టాలి, శిల్పులు కావాలి అని అడిగితే కాఠ్మాండూ లోయ నుంచి ఎనభై మంది వెళ్లారు, వాళ్లకి నాయకుడుగా వెళ్లినవాడికి అప్పటికి ఇరవై ఏళ్లు కూడా లేవు. అతని పని చూసి లామా అతన్ని కుబ్లాయ్ దగ్గరికి తీసుకెళ్లాడు. 1271లో మొదలుపెట్టి 1279లో ఈ స్తూపం పూర్తి చేశాడు. ఆ రెండు సంవత్సరాలు గుర్తుపెట్టుకోవాల్సినవి. 1271లో కుబ్లాయ్ తన వంశానికి యువాన్ అని చైనా పేరు పెట్టుకున్నాడు, 1279లో సుంగ్ వంశం చివరి పిల్లరాజు యామెన్ దగ్గర సముద్రంలో మునిగిపోయాడు, చైనా మొత్తం మొట్టమొదటిసారి పరాయివాళ్ల చేతికి వచ్చింది. దక్షిణాన రాజ్యం కూలుతుంటే ఉత్తరాన ఈ తెల్లటి సున్నం వేస్తున్నారు. ఆవరణలో అరనికో విగ్రహం ఉంది, దాని ముందు కాసేపు నిలబడ్డాను.

నాకు తోచింది ఏంటంటే, మంగోలులు తమ సంస్కృతిని చైనా మీద రుద్దడం కంటే మనుషుల్ని కదిపారు. నేపాలీని బీజింగ్‌కి, పర్షియా జ్యోతిషుణ్ణి కుబ్లాయ్ కొలువుకి, మధ్య ఆసియా ఉయ్‌ఘుర్‌ని లెక్కల ఆఫీసుకి, చైనా వైద్యుణ్ణి పర్షియాలోని తబ్రీజ్‌కి. కొందరు ఇష్టంగా కదిలారు, ఎక్కువమందిని పట్టుకుపోయారు. మనం ఈ రోజు మంగోలుల ప్రభావం అని పేరుపెట్టి చూసేదంతా అలా ఊరు వదిలిన మనుషుల చేతిపని.

మధ్యాహ్నం జీషుయ్‌తాన్ చెరువు గట్టున గువో షౌజింగ్ స్మారక మందిరం చూశాం. ఈయన అచ్చమైన చైనీయుడు, కుబ్లాయ్ దగ్గర పనిచేసిన ఇంజనీరు, ఖగోళ శాస్త్రవేత్త. 1281లో అమల్లోకి వచ్చిన పంచాంగంలో ఏడాదికి 365.2425 రోజులు అని లెక్కకట్టాడు. ఇప్పుడు మన గోడ మీద ఉండే ఇంగ్లీషు క్యాలెండర్ లెక్క కూడా అదే, అది వచ్చింది 1582లో. ఊరవతల కొండల్లోని ఊటలన్నీ కలిపి కాలువ తవ్వించింది కూడా ఈయనే, దాంతో 1293 నుంచి దక్షిణాది బియ్యం పడవలు నేరుగా ఈ చెరువులోకి వచ్చేవి. ఇప్పుడు అక్కడ ముసలాళ్లు ఈత కొడుతున్నారు.

సాయంత్రం పదో నంబర్ లైన్‌లో జ్యెన్‌ద మెన్ స్టేషన్‌లో దిగాం. బయటికి వస్తే పొడుగ్గా ఒక మట్టి దిబ్బ, చెట్లు, పక్కన కాలువ. కుబ్లాయ్ రాజధాని దాదు ఉత్తరపు గోడ అది, చుట్టూ ఇరవై ఎనిమిది కిలోమీటర్ల పైన ఉండేదట. మింగ్ వాళ్లు ఊరిని కుదించి గోడని దక్షిణంగా జరిపేసరికి ఇది ఊరి బయట ఒంటరిగా మిగిలింది, అందుకే బతికింది. జ్యెన్‌ద మెన్ అంటే ఆ గోడలో ఉన్న ఒక ద్వారం పేరు. ద్వారం లేదు, పేరు మెట్రోకి వచ్చింది, చివర్లో జాన్ ఉండనే ఉంది. దిబ్బ మీద ఆడవాళ్లు స్పీకర్ పెట్టుకుని డాన్స్ చేస్తున్నారు, మేం చీకటి పడేదాకా కూర్చున్నాం.

మూడో రోజు, జుయోంగ్‌గ్వాన్

చైనా మహాకుడ్యం చూడ్డానికి వచ్చే జనం అంతా ఇక్కడ మెట్లెక్కి ఫొటోలు దిగి వెళ్లిపోతారు. కింద కనుమ దారిలో ఉన్న పాలరాతి కమాను దగ్గర మేం వెళ్లిన గంటన్నరలో పదిమంది కూడా ఆగలేదు. దాన్ని యున్‌తాయ్ అంటారు, మేఘాల వేదిక. 1342 నుంచి 1345 మధ్యలో చివరి యువాన్ చక్రవర్తి తోగోన్ తెమూర్ కట్టించాడు. పైన మూడు స్తూపాలు ఉండేవి, ఇప్పుడు లేవు. రాజధానికీ ఎండాకాలపు రాజధానికీ మధ్య తిరిగే దారి దీని కిందుగానే పోయేది, అంటే రాజైనా, గాడిదలు తోలేవాడైనా బుద్ధుడి పాదాల కింద నుంచి వెళ్లాల్సిందే. నేలరాయి మీద బండి చక్రాల గాళ్లు వేలు పెడితే పట్టేంత లోతుగా ఉన్నాయి.

కమాను నడినెత్తిన గరుత్మంతుడు, అటూ ఇటూ నాగులు. లోపలి గోడలకి నలుగురు దిక్పాలకులు, ఒక్కొక్కరు మనిషికి రెండింతలు, కాళ్ల కింద భూతాలు. ఈ బొమ్మల మధ్యలో ఆరు లిపుల్లో అవే ధారణులు, అంటే బౌద్ధ మంత్రాలు, చెక్కారు. సంస్కృతం రాసే లాంఛ లిపి, టిబెటన్, మంగోలు భాష రాయడానికి ఫగ్‌పా తయారుచేసిన చదరపు లిపి, ఉయ్‌ఘుర్, చైనీస్, ఆరోది తంగూత్. ఆ తంగూత్ దగ్గరే నేను ఆగిపోయాను. తంగూతుల రాజ్యాన్ని 1227లో తుడిచిపెట్టింది మంగోలులే, చెంగిజ్ ఖాన్ ఆఖరి దండయాత్ర అదే. అలా నాశనం చేసిన జాతి లిపికి, వందేళ్లు దాటాక ఆ ఖాన్ వంశంవాళ్లే తమ రాజమార్గం మీద చోటిచ్చారు. మంచివాళ్లా చెడ్డవాళ్లా అని ఒక్క మాటలో చెప్పమంటే నా వల్ల కాదు.

లాంఛ అక్షరాలు చదవడం నాకు రాదు, కానీ అందులో ఒకటి ఉష్ణీషవిజయ ధారణి అని తెలుసు కాబట్టి నెమ్మదిగా పాఠం గొణుక్కుంటూ ఒక్కో అక్షరం వెతికాను. "నమో" అనే చోట నా వేలు ఆగింది. సరైన చోటే ఆగిందని నా నమ్మకం. తమ్ముడు పక్కన నిలబడి చైనీస్ వైపు నుంచి చదివాడు, వాడికీ సగమే అర్థమైంది, ఎందుకంటే అక్కడ అక్షరాలు చైనీసువే గానీ శబ్దం సంస్కృతం.

నాలుగో రోజు, ప్రయాణం

కారు మాట్లాడుకుని ఉత్తరానికి బయల్దేరాం. కొండలు దాటి గడ్డిమైదానాల్లోకి వచ్చాక ఆకాశం ఒక్కసారిగా పెద్దదైపోయింది. ఇన్నర్ మంగోలియాలో అడుగుపెట్టగానే బోర్డుల మీద చైనీస్ పక్కన నిలువుగా జారే మంగోలు లిపి మొదలైంది. కుబ్లాయ్ 1269లో ఫర్మానా జారీ చేసి ఫగ్‌పా లిపిలోనే రాయాలన్నాడు, రాజ్యం నడిచినన్నాళ్లు నోట్లమీద, ముద్రలమీద రాశారు, రాజ్యం పోగానే మరిచిపోయారు. చెంగిజ్ కాలంలో ఉయ్‌ఘుర్‌ల దగ్గర నేర్చుకున్న ఈ నిలువు లిపి మాత్రం నిలబడింది.

జంగ్‌లాన్ ఊళ్లో మేం బుక్ చేసుకున్న హోటల్ వాళ్లు నా పాస్‌పోర్టు చూసి, విదేశీయుల్ని ఉంచుకోవడం కుదరదని చెప్పారు. రాత్రి తొమ్మిదిన్నర, చలిగాలి. తమ్ముడు నాలుగు చోట్ల అడిగితే ఐదో చోట ఒకావిడ గది ఇచ్చి, అడక్కుండానే ఉప్పు వేసిన పాల టీ తెచ్చింది. ఆ టీ నాకు ఎంతో నచ్చింది.

ఐదో రోజు, షాంగ్దు

దీని కోసమే ఇంత దూరం వచ్చింది. 1256లో కుబ్లాయ్ కట్టించడం మొదలుపెట్టిన ఊరు, 1260లో ఇక్కడే ఖాన్‌గా ప్రకటించుకున్నాడు. ప్లాన్ గీసింది ల్యూ బింగ్‌జోంగ్ అనే చైనా పండితుడు, తర్వాత దాదు ప్లాన్ కూడా ఆయనదే. ప్రతి ఏటా ఎండాకాలంలో కొలువంతా ఇక్కడికి తరలి వచ్చేది. 1358లో తిరుగుబాటుదార్లు తగలబెట్టారు. 2012లో ప్రపంచ వారసత్వ స్థలం అయింది.

వెళ్లి చూస్తే గడ్డి. అంతే. ఒక చదరంలో ఇంకో చదరం, అందులో ఇంకో చదరంగా మూడు మట్టి గోడలు, బయటి గోడ ఒక్కో వైపు రెండు కిలోమీటర్ల పైన. మధ్యలో రాజభవనం ఉన్నచోట ఇటుకల దిబ్బ. జూలైలో మైదానమంతా నారింజ పసుపు పువ్వులు, వాటి పేరు మీదే ఈ నేలకి బంగారు తామరల మైదానం అని పేరు. పోలో ఇక్కడి పాలరాతి భవనం గురించి, రెండు వందల పట్టుతాళ్లతో నిలబెట్టిన వెదురు భవనం గురించి రాశాడు. వెదురు చైనాది, తాళ్లు కట్టి విప్పి మోసుకెళ్లడం గుడారాల్లో పుట్టినవాళ్లది. రాతి గోడల మధ్య కూడా కుబ్లాయ్‌కి విప్పుకుని పోగలిగే ఇల్లు ఒకటి కావలసి వచ్చిందన్నమాట.

మధ్యాహ్నం ఉడికించిన గొర్రె మాంసం తిన్నాం, ఉప్పు తప్ప మసాలా లేదు. 1330లో రాజుగారి ఆహారం చూసే అధికారి హు సిహుయ్ ఒక వంటల, పథ్యాల పుస్తకం తయారుచేసి ఇచ్చాడు, అందులో పేజీ తిప్పితే గొర్రె మాంసమే. అయితే పసుపు, కుంకుమపువ్వు, శనగలు, ఇంగువ కూడా ఉన్నాయి. షర్బత్‌లు ఉన్నాయి, ఆ మాట చైనీస్‌లో షలిబ్యె అయింది. అరబ్బుల మాట పర్షియా మీదుగా ఇటు ఖాన్ బల్ల మీదికి, అటు మన సుగంధిపాల బండి దాకా వచ్చింది. తాగింది వేరు, పేరు ఒకటే.

గేటు మూసే వేళకి గాలి లేచింది. ఒక పెంకు ముక్క కాలికి తగిలింది, నీలి మెరుగు ఇంకా పోలేదు. చేతిలోకి తీసుకుని చూసి మళ్లీ అక్కడే పెట్టేశాను.

ఆరో రోజు

మళ్లీ బీజింగ్, అక్కడి నుంచి హాంగ్‌జౌ రైలు. రాత్రికి తమ్ముడి ఇంట్లో పప్పుచారు, ఆవకాయ.

ఏడో రోజు, హాంగ్‌జౌ

ఇక్కడ మనసు బాగా బరువెక్కింది. ఇది సుంగ్ రాజధాని. 1276లో మంగోలు సేనాని బయాన్ వాకిట్లోకి వచ్చేసరికి ముసలి రాజమాత ఊరు తగలబడకుండా ఉండాలని లొంగిపోయింది. అప్పటి చక్రవర్తి ఐదారేళ్ల పిల్లవాడు, యామెన్ దగ్గర మునిగినవాడు కాదు, అతన్ని ఉత్తరానికి తీసుకుపోయారు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక టిబెట్‌లో సాక్య మఠంలో బౌద్ధ భిక్షువయ్యాడు, గ్రంథాలు అనువదించాడు. 1323లో అతన్ని చంపించేశారు, అప్పటికి యాభై దాటాయి. రాజ్యం అడగలేదు, యుద్ధం చేయలేదు.

లింగ్‌యిన్ గుడి ఎదురుగా ఫెయ్‌లాయ్ ఫంగ్ గుట్ట ఉంది, ఎగిరి వచ్చిన శిఖరం అని అర్థం. అది మన దేశం నుంచే ఎగిరొచ్చిందని స్థలపురాణం, ఇక్కడ ఉన్న హుయ్‌లి అనే భారతీయ సన్యాసి దీన్ని చూసి గుర్తుపట్టాడట. గుట్ట నిండా బొమ్మలు. 1282 నుంచి 1292 వరకు టిబెట్ పద్ధతిలో చెక్కిన తారాదేవి, జంభాలుడు, సన్నటి నడుములు, కోసుగా ఉన్న కిరీటాలు. చాలా అందంగా ఉన్నాయి. కానీ వాటిని పోషించిన యాంగ్ ల్యెన్‌జెన్‌జ్య అనే అధికారి, దక్షిణాదిలో బౌద్ధ వ్యవహారాలు చూసేవాడు, సుంగ్ రాజుల సమాధులు తవ్వించి నగలు దోచాడు. లిజోంగ్ చక్రవర్తి పుర్రెని తాగే గిన్నె చేశారు, మింగ్ మొదటి రాజు దాన్ని వెతికించి మళ్లీ పూడ్పించేదాకా అది చేతులు మారుతూనే ఉంది. ఆ గిన్నె కథ తెలిశాక బొమ్మల కేసి చూసే చూపు మారుతుంది. నాకైతే అందం తగ్గలేదు, కానీ దాన్ని ఆ కథ నుంచి విడదీసి చూడలేకపోయాను.

యువాన్ కాలంలో జనాన్ని నాలుగు మెట్లుగా చూసేవారు. మంగోలులు, తర్వాత సము అనే పశ్చిమ దేశాలవాళ్లు, తర్వాత ఉత్తర చైనావాళ్లు, అట్టడుగున ఈ దక్షిణాదివాళ్లు. సర్కారీ కొలువు పరీక్షలు ఆపేశారు, మళ్లీ 1315లో గానీ పెట్టలేదు. తరాల తరబడి చదువుకున్నవాళ్లకి దారి మూసుకుపోయింది. కొందరు నాటకాల వాళ్లతో కలిశారు, వాడుక భాషలో జాజు నాటకాలు రాశారు. గువాన్ హాన్‌చింగ్ రాసిన దౌ అ కథలో నిర్దోషి అయిన కోడలికి మరణశిక్ష పడుతుంది, నేను తప్పు చేయలేదనడానికి మండువేసవిలో మంచు కురుస్తుంది అంటుంది, కురుస్తుంది. ఇప్పటికీ ఆడుతున్నారు. ఇంకొందరు బొమ్మల్లోకి వెళ్లారు. హువాంగ్ గోంగ్‌వాంగ్ చిన్న గుమాస్తా, జైలుకి కూడా వెళ్లొచ్చాడు, ముసలితనంలో హాంగ్‌జౌ పక్కనే ఫూచున్ నది కొండల్ని పొడవాటి కాగితం చుట్ట మీద మూడు నాలుగేళ్లు గీశాడు. తర్వాత ఎవరో చనిపోతూ దాన్ని మంటలో వేయించారు, లాగేసరికి రెండు ముక్కలైంది. చిన్న ముక్క ఈ ఊరి మ్యూజియం సొత్తు, పెద్దది తైపేలో ఉంది. సాయంత్రం బజార్లో దాని ముద్రణ ఒకటి కొన్నాను. అందులో ఒక్క గుర్రం లేదు, ఒక్క సైనికుడు లేడు.

ఎనిమిదో రోజు

చ్వాన్‌జౌకి రైలు. కిటికీలోంచి కొండలు, సొరంగాలు, మధ్యమధ్యలో సముద్రం. రైల్లో టీ దగ్గర నుంచి అన్నీ ఫోన్‌తోనే కట్టాం. కుబ్లాయ్ 1260లో మల్బరీ బెరడు కాగితం మీద నోట్లు అచ్చేయించి చెల్లుబాటు చేశాడు. కాగితం డబ్బు అంతకు ముందూ చైనాలో ఉంది, దాన్ని రాజ్యమంతటికీ ముఖ్యమైన డబ్బుగా చేసింది ఈయన. పర్షియాలో మంగోలులు 1294లో చూసి అలాగే తబ్రీజ్‌లో పెడితే జనం తీసుకోలేదు, బజారు మూతబడింది. చైనాలో కూడా చివరికి యుద్ధాల కోసం లెక్కలేకుండా అచ్చేసి విలువ పోగొట్టుకున్నారు.

తొమ్మిదో రోజు, చ్వాన్‌జౌ

పోలో దీన్ని జైతూన్ అన్నాడు, ప్రపంచంలో పెద్ద రేవుల్లో ఒకటి అన్నాడు. 1290ల మొదట్లో కొకోచిన్ అనే మంగోలు రాకుమారిని పర్షియాకి పెళ్లికి తీసుకెళ్తూ పద్నాలుగు ఓడలతో ఇక్కడి నుంచే బయల్దేరాడు. ఈ రేవుని మంగోలులకి అప్పగించింది పూ షౌగెంగ్ అనే పరదేశీ వంశపు వర్తకుడు. అప్పగిస్తూ ఊళ్లో తలదాచుకున్న సుంగ్ రాజబంధువుల్ని ఊచకోత కోయించాడు.

మ్యూజియంలో అరబ్బీ సమాధి రాళ్లు, సిలువ కింద తామరపువ్వు ఉన్న క్రైస్తవుల రాళ్లు వరసగా ఉన్నాయి. వాటి పక్కన మన రాళ్లు. ఒక పలక మీద శివలింగం, ఏనుగు తొండంతో పువ్వు తెచ్చి పెడుతోంది. ఇంకేం చెప్పాలి, శ్రీకాళహస్తి కదా అది! తమ్ముడు కూడా అదే మాట అన్నాడు. ఇక్కడి శివాలయం కట్టుకున్నది తమిళ వర్తకులు. ఈ ఊళ్లో దొరికిన తమిళ శాసనం శక సంవత్సరం 1203, అంటే 1281 నాటిది, సంబంధ పెరుమాళ్ అనే ఆయన ఖాన్ ఒంటికి మేలు జరగాలని, ఖాన్ ఫర్మానా ప్రకారం స్వామిని ప్రతిష్ఠించానని రాయించాడు. చైనా నేల మీద, మంగోలు రాజు ఆరోగ్యం కోసం, తమిళంలో, శివుడికి.

ఆ గుడి లేదు. 1357 నుంచి 1366 దాకా ఇక్కడి విదేశీ దండు తిరుగుబాటు, ఆ తర్వాత పరదేశీయుల మీద నరమేధం. రాళ్లు చెల్లాచెదురైతే మింగ్ కాలంలో కైయువాన్ బౌద్ధ గుడిని మళ్లీ కట్టేటప్పుడు తీసుకుని వాడుకున్నారు.

సాయంత్రం ఆ గుడికి వెళ్లాం. పెద్ద హాలు వెనక్కి తిరిగితే ఆకుపచ్చ రంగు తిరిగిన రాతి స్తంభాలు రెండు, పలకలు పలకలుగా. నిలబడితే గుండెల ఎత్తున గుండ్రటి చట్రాలు, ఒక్కోదాంట్లో ఒక కథ. ఒకదాంట్లో నరసింహస్వామి ఒళ్లో హిరణ్యకశిపుడు. ఇంకోదాంట్లో నడుముకి రోలు కట్టిన చిన్నపిల్లాడు, అటూ ఇటూ రెండు చెట్లు. పక్కనే ఒక ముసలావిడ అగరుబత్తి పట్టుకుని ఆ స్తంభాన్ని చేత్తో తాకి కళ్లకి అద్దుకుని వెళ్లింది, అది ఎవరి బొమ్మో అనే ప్రశ్న ఆవిడకి ఉన్నట్టు లేదు.

నా రోమింగ్ సిమ్ పనిచేస్తోంది కాబట్టి అక్కణ్ణుంచే అమ్మకి వీడియో కాల్ చేసి కెమెరా ఆ చట్రం మీద పెట్టాను. చీరాల్లో అప్పుడు మధ్యాహ్నం మూడు, పిన్ని కూడా మా ఇంట్లోనే ఉంది.

"రోలు ఈడ్చుకెళ్తున్న కృష్ణుడు కదరా," అంది అమ్మ. "మద్ది చెట్లు కూడా ఉన్నాయి. ఏ ఊరి గుడి?"